నిమిషానికి ఎనిమిది చుక్కలు

3వ తేదీ, సోమవారం

మామయ్య ఈ రోజు కూడా బోర్లా పడుకుని పని చేశాడు. నలభై నిమిషాలు. పడవలోని ఇత్తడి గడియారం చూసి మరీ లెక్కపెట్టాను.

పళ్ళ డాక్టరు గారి తెరచాప పడవ అది. లోపలి గది నగల పెట్టెలా ఉంటుంది. వంపు తిరిగిన టేకు పలకలు, ఇత్తడి గుబ్బలు, మొహం చూసుకోదగ్గ వార్నిషు. ఇంత అందమూ దేన్ని దాచడానికంటే ఇంజన్ని దాచడానికి. మెట్ల కింద ఇంజను, దాని వెనక నుంచి నీళ్ళలోని పంకాకి పోయే ఇనప కడ్డీ, షాఫ్టు. షాఫ్టు పడవ అడుగు దాటి నీళ్ళలోకి పోయే చోట గ్లాండు అని ఒక ఇత్తడి కట్టు, దాని లోపల జిడ్డు పట్టించిన తాడు చుట్టలు. దాన్ని చేరాలంటే పక్క మంచం కింద పళ్ళెమంత కన్నం ఒక్కటే దారి. పడవ కట్టినవాడు ఇంజను పెట్టి, దాని చుట్టూ గది బిగించి, ఇక ఇది జన్మలో చెడదని ఒట్టేసుకుని వెళ్ళిపోయినట్టుంది.

మామయ్య ఆ కన్నంలో భుజం దాకా చెయ్యి దూర్చి, చెంప పలకకు ఆనించి, కళ్ళు మూసుకుని పని చేస్తాడు. బయటికి వచ్చేసరికి మోచెయ్యి చీరుకుపోయి ఉంది. పాత మచ్చల పక్కన కొత్తవి రెండు.

"మామయ్యా, ఇంజను బాగు చెయ్యడానికి మనిషి కావాలని ఈ పడవ కట్టినవాడికి తెలీదా?" అన్నాను.

"తెలుసురా. సన్నటి మనిషి కావాలని తెలుసు" అని నవ్వాడు.

పైన రంగు వేస్తున్న తారు బాబాయి కూడా నవ్వాడు. వీళ్ళు నవ్వుతారు. ఇరవై ఆరేళ్ళుగా ఒకడి చర్మం చెక్కకు అంటుకుపోతుంటే నవ్వుతారు. పాత కాగితాల కొట్లో తూకానికి కొన్న కరపత్రాల కట్టలో ఒకదాంట్లో ఉంది: మనిషి యంత్రం ముందు సాష్టాంగపడే చోట దేవుడూ లేడు, న్యాయమూ లేదు. దాని కింద రెండు గీతలు గీసుకున్నాను. ఈ రోజు మూడోది గీశాను.

గది మొత్తం విప్పి మళ్ళీ కడతాను. మెట్లు పైకి లేవాలి. మంచం పక్క పలక తలుపు కావాలి. మామయ్య కూర్చుని, చూస్తూ, మనిషిలా పని చెయ్యాలి. వడ్రంగిని నేను. నేను కాకపోతే ఇంకెవరు?

4వ తేదీ, మంగళవారం

పడవల యార్డు యజమానితో గొడవ. గొంతు పోయింది. గెలిచాననే అనుకుంటున్నాను.

6వ తేదీ, గురువారం

గెలవలేదు. "పడవ నాది కాదు, డాక్టరు గారిది. ఆయన సరేనంటే చేసుకో, వద్దంటే నోరు మూసుకో" అన్నాడు యజమాని.

డాక్టరు గారు సాయంత్రం వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో కారు తాళాలు. నేను మూడు పేజీల ప్రసంగం సిద్ధం చేసుకుని ఉన్నాను. మొదటి పేజీ సగంలో ఆపేశారు.

"అంటే, ఇప్పుడు నోరు మూసి ఉండగా పన్ను పీకుతున్నారన్నమాట."

"అవునండీ."

"ఇన్నాళ్ళూ?"

"ఇరవై ఆరేళ్ళండీ."

"నోరు తెరిపించండి మరి."

మిగతా రెండున్నర పేజీలు జేబులోనే ఉండిపోయాయి. కొంచెం బాధ వేసింది. అందులో మంచి వాక్యాలు ఉన్నాయి.

మామయ్యకు చెబితే, "ఇప్పుడు నాకేం తక్కువైందిరా కరపత్రం?" అన్నాడు. యార్డులో నాకు ఆ పేరు పెట్టింది ఆయనే. అలవాటు పడ్డ బానిసత్వానికి నొప్పి తెలియదు. ఆయన మీద కోపం లేదు.

8వ తేదీ, శనివారం

మొదటి కోత. రంపం టేకులో దిగుతుంటే యజమాని మొహం చూడాలి. తన చెయ్యి కోస్తున్నట్టు పెట్టాడు.

11వ తేదీ, మంగళవారం

మెట్లు మడత బందుల మీద లేచాయి. ఒక్క చేత్తో. అయిదుసార్లు ఎత్తి దించాను. తారు బాబాయి, "చాల్లేరా, అది కూడా అలిసిపోతుంది" అన్నాడు.

మంచం పక్క పలక తీసేస్తే తెలిసింది, వెనక ఏ దూలమూ దాని మీద ఆనుకుని లేదు. కేవలం అందం కోసం పెట్టిన పలక. ఆ అందం ఖరీదు ఒక మనిషి చెయ్యి. అంచులు ఉలితో సరిచేసి, ఉప్పు కాగితం పట్టించి గుండ్రం చేశాను. ఎవరి చెయ్యీ చీరుకోకుండా. అడుగున వార్నిషు మూడు పూతలు.

13వ తేదీ, గురువారం

తలుపులు పూర్తయ్యాయి. దీపం కూడా పెట్టాను. గ్లాండు, ఫిల్టరు, నీటి పంపు అన్నీ అద్దాల బీరువాలో బొమ్మల్లా కనిపిస్తున్నాయి.

మామయ్య వచ్చి కూర్చున్నాడు. ఆ చోట ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. పాత తాడు చుట్టలు తీసి కొత్తవి పెట్టాడు. పానా తీసుకుని నట్టు మీద పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

తలుపు తెరిచి ఉంది. దీపం వెలుగుతోంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు!

"మామయ్యా, చూడు. చూడొచ్చు ఇప్పుడు" అన్నాను.

"చూస్తే తెలీదురా, కాస్త ఆగు" అన్నాడు. కుడిచేతి వేళ్ళు గ్లాండు కింద పెట్టి అలాగే ఉన్నాడు, నాడి చూసే వైద్యుడిలా.

సంకెళ్ళు విప్పితే మణికట్లు రెండూ దగ్గర పెట్టుకుని కూర్చునేవాడిని ఏం చేస్తాం?

14వ తేదీ, శుక్రవారం

పడవ రేవుకు కట్టి ఇంజను నడిపించి చూశారు. బ్రహ్మాండం. ఇంకాసేపు నడవాలని ఇంజన్ని అలాగే వదిలి మామయ్య భోజనానికి వెళ్ళబోతూ, "నీది చెక్క, నాది ఇనుము. దాని జోలికి పోకు" అన్నాడు.

ఆ మాట నచ్చలేదు. నీది, నాది! పనిని ముక్కలు చేసి మనుషుల్ని ముక్కలు చేసే మాట అది. యజమానులు మన నోట్లో పెట్టిన మాట.

ఆయన వెళ్ళాక అడుగు తుడుస్తుంటే చూశాను. గ్లాండు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చుక్క... చుక్క... నా వార్నిషు మీదే. ఇంజను నడుస్తున్నంతసేపూ కారుతూనే ఉంది. నిన్న కళ్ళు మూసుకున్నాడుగా! చూసి ఉంటే కనిపించేది. ఇన్నేళ్ళూ ఎన్ని పడవల్లో ఇలా చీకట్లో కారిందో! అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. ఆయన పానాయే తీసుకుని చుక్క ఆగేదాకా బిగించాను. ఒకటిన్నర చుట్టు. అది వదులవకుండా పట్టే లాకు నట్టు కూడా బిగించాను.

చుక్క ఆగింది. ఇంజను ఆపేశాను. చిన్న పని. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఆయన పరువు తియ్యడం ఎందుకు?

తలుపు ఉంటే ఎవరైనా చూడగలరు, ఎవరైనా చెయ్యగలరు. నేను చెప్పేదే అది.

15వ తేదీ, శనివారం

పడవ రాళ్ళెక్కింది.

16వ తేదీ, ఆదివారం

నిన్న రాయలేకపోయాను.

డాక్టరు గారు చెప్పిన వేళకు గంట ముందే వచ్చేశారు. గాలి బాగుంది, వెళ్దాం పదండి అని తొందర. మామయ్య మరోసారి గ్లాండు చూస్తానన్నాడు. "నిన్ననే చూశారు కదా" అన్నారు డాక్టరు గారు. మామయ్య సరేనన్నాడు.

ముగ్గురమే. బయటికి వెళ్ళి తెరచాపతో తిరిగాం, బాగానే ఉంది. తిరిగి వస్తూ చాప దించి, గాలికి ఎదురుగా ఇంజను మీద రేవు నోటి దగ్గరికి వచ్చేసరికి ఏదో మాడిన వాసన. మంచం పక్క తలుపు సందుల్లోంచి పొగ. మామయ్య తలుపు లాగి చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చూడకుండా పోతుంది, అలవాటు. గ్లాండు పెనంలా ఉంది. రెండు వేళ్ళ కొనలు కాలిపోయాయి. అరవలేదు. మరో చేత్తో పానా అందుకుని నట్టు వదులు చేశాడు. అప్పటికే షాఫ్టు పట్టేసి ఇంజను ఆగింది. చాప ఎత్తే లోపలే అల పడవను పక్కకు తోసి గట్టు రాళ్ళ మీద కూర్చోబెట్టింది.

చుక్కాని విరిగింది. పడవ పక్క చీలింది. మనుషులకు ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

తాడు నాసిరకం అయి ఉంటుంది. యజమాని ఎప్పుడూ చవక సరుకే తెస్తాడు.

17వ తేదీ, సోమవారం

తాడు మంచిదే.

తారు బాబాయి మామూలుగా మాట్లాడుతూ చెప్పాడు. గ్లాండు కారాలి. ఇంజను తిరిగేటప్పుడు నిమిషానికి ఎనిమిది చుక్కలు పడాలి. ఆ నీళ్ళే షాఫ్టును చల్లగా ఉంచుతాయి. పూర్తిగా బిగిస్తే తాడు ఎండి, కాలి, షాఫ్టును పట్టేస్తుంది.

"మీ మామయ్య ఆ ఎనిమిదీ వేలి మీద లెక్కపెట్టేవాడు. అలాంటోడు ఎట్లా బిగించాడో అర్థం కాకుండా ఉంది" అన్నాడు.

నేను అడుగు గీరుతూ ఉన్నాను. తల ఎత్తలేదు.

ఇది చెప్పొద్దూ నాకు? ఇరవై ఆరేళ్ళ విద్య వేళ్ళలో దాచుకుని ఎవరికీ చెప్పకపోతే ఎలా? జ్ఞానాన్ని దాచుకోవడం కూడా ఒక రకం దోపిడీ. ఎక్కడో చదివాను.

18వ తేదీ, మంగళవారం

చెప్పాడు కదా, దాని జోలికి పోవద్దని. కానీ ఎందుకో చెప్పలేదు.

19వ తేదీ, బుధవారం

భోజనాల దగ్గర.

అమ్మ పోయినప్పటి నుంచీ ఈ బల్ల దగ్గరే తింటున్నాను. మామయ్యకు కుడిపక్క నా కుర్చీ. ఆయన చేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు. అన్నీ బల్ల మీద ఒలికిపోతున్నాయి.

"నేను తినిపిస్తాను, ఇటివ్వండి" అంది అత్తయ్య.

"నేనేమన్నా పసిపిల్లాడినా?"

"పసిపిల్లాడే నయం, తిన్నది కడుపులోకి పోతుంది. మీది చొక్కాకి పోతోంది."

నవ్వాం. తర్వాత అత్తయ్య ఉన్నట్టుండి అంది: "మీరు బిగించలేదు. నాకు తెలుసు. ఎవరో ఆ పడవ ఎక్కారు. ఎవడో గానీ వాడు బాగుపడడు."

"తినేటప్పుడు ఎవర్నీ తిట్టకు. ఎవరెక్కుతారు? నేను ఒక్కణ్ణే పని చేసింది. వదులు చేసేటప్పుడు లెక్కపెట్టాగా, ఒకటిన్నర చుట్టు తిరిగింది. అంత బిగించానంటే ఇంకేం చెప్పాలి? చెయ్యి మొద్దుబారిపోయింది."

"కాలింది కాబట్టి అలా అనిపిస్తోంది."

"కాలక ముందే. చుక్క పడుతోందనుకున్నా. పడట్లేదు."

నీళ్ళు తాగాను. అప్పుడే చెప్పాల్సింది. చెప్పబోయాను. అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ కూడా ఉన్నప్పుడు చెబుదామని ఆగాను. ఆవిడ వచ్చింది. మాట మారిపోయింది.

20వ తేదీ, గురువారం

బాగా ఆలోచించాను. నేను చెబితే ఏమవుతుంది? తలుపుల వల్లే ప్రమాదం అంటారు. తలుపు తెరిచి ఉంటే అడ్డమైనవాడూ చెయ్యి పెడతాడు, మూసేయండి అంటారు. ఇక ఏ పడవలోనూ తలుపు పెట్టనివ్వరు. అన్ని యార్డుల్లో, అందరు మెకానిక్కులూ మళ్ళీ బోర్లా పడుకోవాలి. ఒక మనిషి పేరు ఒక పక్క, వేలమంది చేతులు ఒక పక్క. వ్యక్తి కంటే ఆశయం పెద్దది.

ఇది పిరికితనం కాదు. పిరికివాడు ఇంత ఆలోచించడు.

21వ తేదీ, శుక్రవారం

యజమాని పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. బీమా వాళ్ళకు పంపాలట. నాలుగు వాక్యాలు. ఫలానా తేదీన గ్లాండు పని మెకానిక్ ఒక్కడే చేశాడు, ప్రమాదానికి కారణం అతని నిర్లక్ష్యం. చూసినవారు అని రాసి, కింద గీత.

"నువ్వే కదా పక్కన ఉన్నది. పెట్టు" అన్నాడు.

"నిర్లక్ష్యం అన్న మాట నేను ఒప్పుకోను" అన్నాను. గట్టిగానే అన్నాను.

"ఆ మాటకు బాధ్యుణ్ణి నేను. నువ్వు చూసింది మాత్రమే నీ సంతకం. ఆ రోజు గ్లాండు దగ్గర పని చేసింది మీ మామయ్యేనా కాదా?"

"మామయ్యే."

"మరి?"

చేసింది మామయ్యే. అందులో అబద్ధం లేదు. ‘ఒక్కడే’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. కానీ తాడు పెట్టింది ఒక్కడే, నట్టు పెట్టింది ఒక్కడే. నేను చేసింది పని అని ఎలా అంటాం? తిప్పాను. అంతే.

సంతకం పెట్టాను. కలం సరిగ్గా రాయలేదు. రెండోసారి దిద్దాల్సి వచ్చింది.

22వ తేదీ, శనివారం

మామయ్యను యార్డుకు రావద్దన్నారు.

కాగితం చూపించారట. నా సంతకం చూశాడట. ఇంటికి వచ్చి నాతో అన్నాడు: "మంచి పని చేశావురా. లేకపోతే నిన్ను కూడా ఇరికించేవాళ్ళు."

ఈ ఇంట్లో ఒక్కరూ తిట్టరు నన్ను.

24వ తేదీ, సోమవారం

యజమానికి తలుపులు నచ్చాయి! మరో మూడు పడవలకు పెట్టమన్నాడు. వచ్చే వాళ్ళకు డాక్టరు గారి పడవ చూపిస్తున్నాడు, పక్క చీలిక మీద గుడ్డ కప్పి మరీ. "ఇప్పుడు ఎవడైనా చెయ్యొచ్చండీ పని. ఫలానా మెకానిక్కే రావాలని లేదు" అంటున్నాడు. నా వాక్యమే. నేను అన్నప్పుడు దానికి వేరే అర్థం ఉండేది.

పడవలకు కొలతలు తీశాను. ఒకటి రెండు తప్పు వచ్చాయి, మళ్ళీ తీశాను.

25వ తేదీ, మంగళవారం

పని నుంచి వచ్చేసరికి మామయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గుడ్డ సంచి. అందులో నట్లు, రకరకాల సైజులవి. చెయ్యి లోపల పెట్టి, కళ్ళు మూసుకుని, ఒకటి పట్టుకుని సైజు చెబుతున్నాడు. బయటికి తీసి చూస్తున్నాడు. కట్టు విప్పేశాడు. కాలిన చోట కొత్త చర్మం గులాబీ రంగులో, మెరుస్తూ ఉంది.

"పద్నాలుగు" అన్నాడు. తీశాడు. పద్నాలుగే.

"పదిహేడు." పదిహేడే.

"అన్నీ సరిగ్గానే చెబుతున్నావుగా మామయ్యా" అన్నాను.

"ఇవి పెద్దవిరా. తేడా తెలుస్తుంది. చుక్క వేరు."

తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి సన్నగా తిప్పి, కింద వేలు పెట్టి నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని. అత్తయ్య గిన్నె పట్టుకుని పక్కనే నిలబడింది, ఆయన ఎప్పుడు జరుగుతాడా అని. అడగలేదు.

నేను నా గదికి వచ్చేశాను.

27వ తేదీ, గురువారం

పానాల పెట్టె ఇచ్చేశాడు. తారు బాబాయి తమ్ముడికి, పక్క రేవులో మెకానిక్. ఊరికే ఇచ్చేశాడు. ఒక్కొక్కటీ జిడ్డు రాసి, గుడ్డతో తుడిచి, వరసగా పెట్టి మరీ ఇచ్చాడు. "నా దగ్గరుంటే తుప్పు పడతాయి" అన్నాడు. అత్తయ్య ఆ పెట్టె గడప దాటేదాకా చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

పక్క రేవులో ఈయన్ని పనికి పిలిచారట కూడా. మా యజమాని కాగితం వాళ్ళు ఖాతరు చెయ్యలేదట. వెళ్ళనన్నాడు. "కాగితం కాదు, నా చెయ్యి నాకే నమ్మకం లేదు. ఎవరి పడవో ముంచడమెందుకు" అన్నాడట.

అంటే పని పోవడం కాదు. పని ఉంది. వెళ్ళనంటున్నాడు.

అది నేను లెక్క వేసుకోలేదు. యజమాని తీసేస్తాడని లెక్క వేశాను, ఇల్లు గడవడం లెక్క వేశాను, నేను సంపాదిస్తాను కదా అనుకున్నాను. ఇది లెక్కలో లేదు.

28వ తేదీ, శుక్రవారం

రేపు చెబుతాను.

29వ తేదీ, శనివారం

ఊరికే చెబితే లాభం లేదు. అందరి ముందూ చెప్పాలి. యజమాని ముందు, పనివాళ్ళ ముందు. అప్పుడే దానికి విలువ. రాసుకుంటున్నాను. రెండు పేజీలు అయ్యాయి. మొదలు బాగా రాలేదు, మార్చాలి.

31వ తేదీ, సోమవారం

పొద్దున టీ వేళ చెక్కల గుట్ట ఎక్కి నిలబడ్డాను. పన్నెండు పదమూడుమంది ఉంటారు. కాగితం తీశాను. "మిత్రులారా" అన్నాను. శ్రమ గురించి, సత్యం గురించి, భయం మనిషిని యజమానికి ఎలా అమ్ముతుందో అన్నదాని గురించి చదివాను. గొంతు బాగా పలికింది. చివరికి చెప్పాను: గ్లాండు బిగించింది నేను. ఒకటిన్నర చుట్టు. మామయ్య కాదు.

ఒకడు టీ ఊదుకున్నాడు.

తారు బాబాయి అన్నాడు: "అయితే ఇప్పుడు మేమేం చెయ్యాలిరా? చప్పట్లు కొట్టాలా?"

"నిజం చెప్పాను బాబాయ్."

"విన్నాం. మీ మామయ్యకు చెప్పావా?"

కాగితం మడతపెట్టాను.

"చెప్పావా?"

"లేదు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. "ఆ మనిషి ఇంట్లో కుళాయి కింద వేలు పెట్టుకుని నిలబడుతున్నాడు. మీ అత్తయ్య చెప్పుకుని ఏడిచింది. నువ్వేమో చెక్కలెక్కి మాకు పాఠం చెబుతున్నావు. దిగు. దిగి పో ముందు."

దిగాను. గేటు దగ్గర యజమాని ఆపాడు. అన్నీ విన్నాడు. "కాగితం వెళ్ళిపోయింది. దాంట్లో ఏదీ మారదు. నువ్వు సంతకం చేశావు, అది గుర్తుంచుకుని మాట్లాడు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "రెండో పడవ మెట్లు గురువారం లోపల కావాలి" అన్నాడు.

ఇంటికి నడిచాను. దారంతా వాక్యాలు వస్తూనే ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలి, ఏ మాట ముందు. తలుపు తీసేదాకా వస్తూనే ఉన్నాయి.

మామయ్య బల్ల దగ్గర చెప్పుల పట్టీ కుట్టుకుంటున్నాడు. ఎదురుగా నిలబడ్డాను.

"గ్లాండు బిగించింది నేను మామయ్యా. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు. కారుతోందనుకున్నాను."

ఇంకేమీ రాలేదు. అన్ని వాక్యాల్లో ఇదొక్కటే మిగిలింది.

సూది చేతిలో పట్టుకునే అడిగాడు:

"ఎన్ని చుట్లు?"

"ఒకటిన్నర."

"లాకు నట్టు?"

"అది కూడా బిగించాను."

"ముందు నేను పెట్టినప్పుడు చుక్క పడుతోందా? నువ్వు చూసినప్పుడు?"

"పడుతోంది."

"ఎన్ని? నిమిషానికి ఎన్ని పడ్డాయి?"

"లెక్కపెట్టలేదు మామయ్యా."

"గుర్తు తెచ్చుకోరా. ఎలా పడింది? చుక్కకీ చుక్కకీ మధ్య ఎంతసేపు?"

బల్ల మీద వేలితో కొట్టి చూపించాను. నాకు గుర్తున్నట్టు. ఒకటి. ఒకటి. ఒకటి. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. పెదాలు కదిలాయి. చివర కళ్ళు తెరిచాడు.

"సరిగ్గానే పెట్టా" అన్నాడు. నాతో కాదు.

కుడిచెయ్యి ఎత్తి, ఆ రెండు వేళ్ళ కొనలు బొటనవేలితో రుద్దుకుంటూ చూసుకున్నాడు. అప్పుడు ఆయన మొహం చూశాను. కోపం వస్తుందనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఏడిచాడు. నేను ఎప్పుడూ చూడలేదు ఆయన ఏడవడం. శబ్దం లేదు.

"పదిహేడు రోజులు" అన్నాడు.

"మామయ్యా..."

"పదిహేడు రోజులు నా చెయ్యి చచ్చిపోయిందనుకున్నానురా."

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి విందో తెలియదు. నా వైపు చూడలేదు. ఆయన చేతిలోంచి సూది తీసుకుని, చెప్పు పక్కన పెట్టి, ఆ చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంది.

నేను నిలబడే ఉన్నాను. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

1వ తేదీ, మంగళవారం

పొద్దున్నే మామయ్య పక్క రేవుకు వెళ్ళాడు, పానాలు వెనక్కి అడగడానికి. ఇచ్చేసినవి అడుక్కోవడం ఆయనకు చేతకాదు. గేటు దగ్గర రెండుసార్లు ఆగి చొక్కా సరిచేసుకున్నాడు. నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు. కోపంగా కాదు, దారిలో ఎవరో తెలియనివాడికి చెప్పినట్టు.

అత్తయ్య నా బట్టలన్నీ ఉతికి, మడతపెట్టి మంచం మీద పెట్టింది. పక్కన ఖాళీ పెట్టె తెరిచి ఉంది.

బట్టలు పెట్టుకున్నాను. కరపత్రాల కట్ట అందులో పట్టలేదు. రెండోసారి ప్రయత్నించలేదు.